రాజీ ఎవరి మధ్య?

రాయలసీమలో రాజీ అన్న మాట వినగానే నాకు ముందుగా కలిగేది అనుమానమే. నంద్యాల, ఆళ్ళగడ్డ, జూపాడు బంగ్లా ప్రాంతాల ముఠాకక్షల గురించి రాసేవాళ్ళు బాంబుల గురించి రాస్తారు, హత్యల గురించి రాస్తారు. ఆ కక్షలు ఎలా చల్లారతాయన్నది రాసేవాళ్ళు తక్కువ. హత్యకేసులో చట్టప్రకారం రాజీ లేదు. లోక్ అదాలత్ కూడా దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. అయినా రాజీ జరుగుతుంది. నాయకుడి ఇంటి ముందు, రెండు వర్గాల పెద్దమనుషుల మధ్య జరుగుతుంది. కోర్టుకు చేరేది దాని ఫలితం మాత్రమే: సాక్షులు అడ్డం తిరుగుతారు, కేసు కొట్టేస్తారు. భర్తను పోగొట్టుకున్న స్త్రీని ఆ పంచాయితీకి ఎవరూ పిలవరు. పిల్లలకింత, పొలం గట్టు ఇక్కడ అని తేల్చేసి తర్వాత ఆమెకు చెబుతారు. సాక్షి ఆమే అయితే ఆమె నోరు మూయించే పని బంధువులకు అప్పగిస్తారు. దీనికి ఊళ్ళో పేరు శాంతి.

ఈ పంచాయితీకి పోటీగా నిలబడగల జాతీయ వ్యవస్థ ఒకటుంది. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. ఢిల్లీలోని జాతీయ సంస్థ మొదలు మండల కమిటీ దాకా దాని అంచెలున్నాయి. స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. దళితులు, గిరిజనులు, స్త్రీలు, శ్రామికుల మధ్య పనిచేసే స్వచ్ఛంద సంస్థల మద్దతు కూడగట్టడానికి ప్రత్యేకంగా కృషి చేయాలని అదే చట్టం 4వ సెక్షన్ ఆదేశిస్తోంది. అంటే మనం అక్కడికి పిలవని పేరంటానికి వెళ్ళడం లేదు. జాతీయ మహిళా కమిషన్ కూడా 1990ల్లో పారివారిక్ మహిళా లోక్ అదాలత్‌లను స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతోనే నడిపింది.

అయితే ఈ భాగస్వామ్యంలో మనకు దక్కిన పని ఏమిటి? జనాన్ని పోగుచేయడం, బ్యానరు కట్టడం, ఎన్ని కేసులు పరిష్కారమయ్యాయో లెక్క రాయడం. (భోజనాల ఏర్పాటు కూడా మనదే.) లోక్ అదాలత్ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. అన్నదమ్ములు చెరోపక్క కూర్చుని భరణం వద్దని, భూమిలో వాటా వద్దని సంతకం పెట్టిస్తే, ఆ సంతకం ఆమెను జీవితాంతం కట్టిపడేస్తుంది. లెక్కలో మాత్రం అదీ ఒక పరిష్కారమే.

2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం మరో అడుగు వేసింది. ఒక ప్రాంతంలోని కుటుంబాల మధ్య శాంతిని చెడగొట్టగల తగాదాలకు ముగ్గురు సభ్యుల సామాజిక మధ్యవర్తిత్వాన్ని అందులో రాశారు. మధ్యవర్తుల జాబితాలో ఉండదగ్గవారిలో మొదట చెప్పింది సమాజంలో గౌరవం, నిజాయితీ ఉన్నవారిని. కక్షల ఊళ్ళో గౌరవనీయుడెవరో నేను మీకు చెప్పనక్కర్లేదు. పాత పంచాయితీ నడిపిన మనిషే ఈసారి చట్టం కుర్చీలో కూర్చుంటాడు. స్త్రీల ప్రాతినిధ్యం సంగతికి వస్తే దాన్ని 'పరిగణించవచ్చు' అన్నారు, 'ఉండాలి' అనలేదు. శాంతి ప్రక్రియల్లో స్త్రీలకు చోటుండాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1325వ తీర్మానంలో చెప్పింది 2000లో. ఇరవైమూడేళ్ళ తర్వాత మనకు దొరికింది ఒక 'వచ్చు'.

దూరంగా ఉండిపోదామనే మిత్రులతో నేను ఏకీభవించను. మనం తప్పుకుంటే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలను అడ్డుకున్న స్త్రీలను ఎవరూ సభ్యులుగా నియమించలేదు, వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు. కానీ షరతులు పెట్టుకుని వెళ్ళాలి. రాజీకి ముందు ఆ స్త్రీతో బంధువులెవరూ లేకుండా విడిగా మాట్లాడే అవకాశం సంఘానికి ఉండాలి. ఆమె భయపడుతోందని సంఘం చెబితే ఆ రోజుకు ఆ కేసు ఆగాలి. కేసు ముగిసిన ఆరునెలలకు ఊరికి వెళ్ళి, రాసిచ్చిన భూమి ఆమె చేతిలో ఉందో లేదో చూడాలి. వీటిని నోటిమాటగా కాకుండా మండల కమిటీతో కాగితం మీద రాయించుకోవాలి. రాయడానికి ఒప్పుకోని చోట మన సంఘం పేరు వాళ్ళ బ్యానరు మీద ఉండకూడదు.