తమంతట తామే అమరే నానోతీగెలు – "దానివల్ల ఏమొస్తుంది?"

పదార్థశాస్త్రంలో పరిశోధన చేస్తానని ఇంట్లో అబ్బాయి గానీ అమ్మాయి గానీ అన్నప్పుడు మన కుటుంబాలలో సాధారణంగా వినిపించే మొదటి ప్రశ్న, "దానివల్ల ఏమొస్తుంది?" ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. దానికి శాస్త్రజ్ఞులు ఇస్తూ వచ్చిన సమాధానమే సరియైనది కాదని నా అభిప్రాయం. పాలిమరు దారాలకు క్వాంటం చుక్కలను కూర్చి తయారుచేసే నానోతీగెల ఉదంతం ఇందుకు మంచి నిదర్శనం.

క్వాంటం చుక్క అంటే అర్ధవాహక పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికం. దాని కొలత కొద్ది నానోమీటర్లు మాత్రమే. నానోమీటరంటే మీటరులో నూరుకోట్లవ వంతు. అంత చిన్నదైనపుడు, పదార్థం అదే అయినా, పరిమాణాన్ని బట్టి రంగు మారుతుంది. కాడ్మియం సెలినైడు రేణువు రెండు నానోమీటర్లుంటే నీలికాంతిని, ఆరు నానోమీటర్లుంటే ఎర్రని కాంతిని వెదజల్లుతుంది. ఈ ప్రభావాన్ని 1980 దశకం తొలినాళ్ళలో సోవియట్ యూనియన్‌లో అలెక్సీ ఎకిమోవ్ గాజులోను, అమెరికాలో లూయీ బ్రూస్ ద్రావణంలోను గమనించారు. ఒకే పరిమాణం గల చుక్కలను తయారుచేసే పద్ధతిని 1993లో మౌంగీ బావెండి చూపించారు. 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానం ఈ ముగ్గురినీ వరించింది. ఇక పాలిమరు సంగతి. విద్యుత్తును ప్రవహింపజేసే ప్లాస్టిక్కులకు 2000లోనే నోబెల్ గౌరవం దక్కింది.

ఈ రెండింటినీ కలపడం సులభమే. చిక్కంతా అమరికలో ఉంది. కాంతి పాలిమరుపై పడగానే ఒక ఎలక్ట్రాన్, అది వదలిన రంధ్రం జంటగా పుడతాయి. ఆ జంట సుమారు పది నానోమీటర్ల దూరంలోపే పాలిమరు, చుక్క కలిసే సరిహద్దును చేరుకోవాలి; లేకపోతే నశించిపోతుంది. చేరితే ఎలక్ట్రాన్ చుక్కలోకి దూకుతుంది, రంధ్రం పాలిమరులో ఉండిపోతుంది. ఆపైన రెండింటికీ తమ తమ ధ్రువాల వరకు తెగని దారి కావాలి. ఊరకే కలిపితే చుక్కలు అక్కడక్కడా గుంపుకడతాయి, దారులు మూసుకుపోతాయి.

కాచిన నెయ్యిని నిదానంగా చల్లారనిస్తే చక్కగా పూసకడుతుంది. వేడి తగ్గకముందే ఫ్రిజ్‌లో పెడితే ముద్దగా గడ్డకడుతుంది. ఆ పూసను ఎవరూ చేతితో చేయరు. పాలీ హెక్సైల్ థయోఫీన్ అనే పాలిమరు స్వభావమూ ఇటువంటిదే. అది అంతగా కరగని ద్రావకంలో వేడిచేసి మెల్లగా చల్లార్చితే, బల్లపరుపుగా ఉండే దాని అణువలయాలు ఒకదానిపై ఒకటి పేరుకుని సన్నని పొడుగాటి తీగెలవుతాయి. కాడ్మియం సెలినైడును పట్టుకునే రసాయన కొక్కేలను ఆ పాలిమరుకు ముందే తగిలిస్తే, దారానికి మల్లెమొగ్గల వలె చుక్కలు తీగె వెంబడి వరుస తీరుతాయి. ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2012లో ఇటువంటి అమరికలకు "సూపర్‌హైవేలు" అని పేరు పెట్టారు. పేరు బాగుంది. "తమంతట తామే" అన్న మాట మాత్రం నాకంతగా రుచించదు. ఏ ద్రావకం వాడాలి, ఎంత నిదానంగా చల్లార్చాలి, కొక్కెం ఎక్కడ తగిలించాలి – వీటి వెనుక ఏ విద్యార్థివో కొన్నేళ్ళ రాత్రులుంటాయి.

ఇన్నేళ్ళుగా ప్రజలకు చెప్పిందేమిటి? వార్తాపత్రికల వలె సౌరఘటాలను అచ్చువేస్తామని, గోడకు రంగు పూసినట్లు పూస్తామని. 2002లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో కాడ్మియం సెలినైడు కడ్డీలు కలిపిన పాలిమరు ఘటం 1.7 శాతం సామర్థ్యం చూపింది. ఆనాటికి అది గొప్పే. నేడు ఇంటిపైకప్పు సిలికాన్ పలకలు 20 శాతం దాటాయి, ధర కూడా ఎంతో దిగివచ్చింది. 2009లో సౌరఘటంగా తొలి అడుగు వేసిన పెరోవ్‌స్కైట్ ప్రయోగశాలలో 25 శాతం మించిపోయింది. పాలిమరు-చుక్కల ఘటాలు ఎంతో వెనుకబడ్డాయి. చుక్కలు చివరకు టెలివిజన్ తెరలలో స్థానం సంపాదించాయి. అక్కడ కూడా కాడ్మియం విషం వెంటాడింది; ఐరోపా సమాఖ్య 2006 నుండి, కొన్ని మినహాయింపులతో, ఎలక్ట్రానిక్ వస్తువులలో దానిని బరువులో 0.01 శాతానికి పరిమితం చేసింది.

వాగ్దానంతో తూచితే ఈ కృషి ఓడినట్లే. ఆ తూకమే తప్పని నా వాదన. రెండు భిన్న పదార్థాలను పది నానోమీటర్ల దూరంలో, కోరిన చోట, కుండలో వంట చేసినంత సాదాగా నిలపడం ఇక్కడ నేర్చుకున్న విద్య. రేపు కాడ్మియం స్థానంలో ఇండియం ఫాస్ఫైడు రావచ్చు, సౌరఘటం బదులు కాంతిని గుర్తించే సాధనం కావచ్చు. ఆ విద్య పనికివస్తుంది. చౌక కరెంటు ఆశ చూపి నిధులు తెచ్చుకున్నవారు మాత్రం, ఆశ తీరకపోతే నిధులు ఆగిపోయి, నాలుగో సంవత్సరంలో ఉన్న విద్యార్థి నడివీధిలో నిలబడతాడన్న సంగతి ఆలోచించరు.

కనుక పిల్లలు ఇటువంటి ప్రయోగశాలలో చేరతామంటే వద్దనకండి. ఆచార్యుని రెండు ప్రశ్నలు అడగమని మాత్రం చెప్పండి. మీ సాధనం వెలుతురులో ఎన్ని గంటలు నిలిచింది? అవే పదార్థాలను అమరిక లేకుండా ఊరకే కలిపి, పక్కనే పెట్టి కొలిచారా? ఈ రెండింటికీ అంకెలతో జవాబు వచ్చిన చోట నిశ్చింతగా చేర్చవచ్చు. సౌరపలకల రంగుబొమ్మలు మాత్రమే చూపిన చోట, ఇంకో రెండు ప్రయోగశాలలు చూసి రమ్మనండి.