నసీబ్ కాదు, మన తొందరే



"భయ్యా, మా కచ్వా జోడీకి అయిదేళ్లు నిండాయి. ఈసారి గుడ్లు పెట్టిస్తా. ఒక్కో పిల్ల వేలల్లో పోతుంది." పోయిన సర్దీల్లో మామూ కొడుకు నాతో అన్న మాట ఇది. నేను చాయ్ తాగి, నవ్వి, ఇంటికొచ్చేశా. ఆ నవ్వుకి ఇప్పటికీ షరం అవుతోంది.

అవి నక్షత్ర తాబేళ్లు కావు. అవే అయివుంటే వయసు సవాలే రాదు. చిత్తూరు, కర్నూలు పొదల్లో తిరిగే ఆ జీవాన్ని ఇంట్లో పెట్టుకోవడమే 1972 వన్యప్రాణి చట్టం కింద జుర్మ్. "ఇంట్లో ఉంటే బర్కత్" అని దాచుకున్నవాళ్లు ఆ బర్కత్ సంగతి పోలీస్ ఠాణాలో తెలుసుకుంటారు. మామూ ఇంట్లోవి సల్కాటాలు. ఆఫ్రికాలో సెనెగల్ నుంచి సూడాన్ దాకా సహారా అంచున బతికే జాతి. హైదరాబాద్‌లో అరచేతిలో పట్టేంత పిల్లల్ని "జోడీ" అని అమ్మారు. మొదటి ధోకా అక్కడే. సల్కాటా డిప్ప 30, 35 సెంటీమీటర్లు పెరిగేదాకా అది మగదో ఆడదో నమ్మకంగా చెప్పలేం. అరచేతి సైజులో జోడీ అమ్మేవాడు అందాజాని అమ్ముతున్నాడు, అంతే.

ఇక ఎన్నేళ్లకి? అందరూ సాల్ లెక్క అడుగుతారు. తాబేలు విషయంలో సాల్ కంటే సైజు, బరువు ముఖ్యం. సొంత గడ్డ మీద ఎండు గడ్డి మేసి పెరిగే సల్కాటా ఈడుకి రావడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. మన ఇళ్లల్లో రోటీ, అన్నం, అరటిపండు, కుక్కలకు పెట్టే బిస్కట్లు వేసి నాలుగైదేళ్లలోనే ఉబ్బిస్తాం. ఒళ్లు పెరుగుతుంది. డిప్ప మీద గుట్టలు గుట్టలుగా ఉబ్బులు లేస్తాయి, వాటినే చూసి "మాషా అల్లా, ఎంత ఖూబ్‌సూరత్" అంటాం. ఎముకలో కాల్షియం మాత్రం ఉండదు. గుడ్డు పెంకు తయారీకి కావలసింది అదే. తిండిలో దొరక్కపోతే ఆడది తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది.

మా దాదీ మేకలు కాసేది. బడి మొహం చూడని మనిషి. ఏడాది నిండని ఆడ మేకపిల్లని పోతు దగ్గరికి పోనిచ్చేది కాదు, వేరే కట్టేసేది. "తల్లే ఇంకా పిల్ల, దీనికి పిల్లలేంటి" అనేది. మేకల విషయంలో మనకున్న ఈ అఖల్ కచ్వా దగ్గరికొచ్చేసరికి ఏమైపోతోంది? "కోళ్లు పెంచట్లేదా, మేకలు పెంచట్లేదా" అని నాతో బహస్‌కి దిగేవాళ్లకి ఇదే నా జవాబు. పెంచండి. దాదీ పెంచినట్టు పెంచండి.

మామూ మిద్దె మీదంతా సిమెంటు. మగది, ఆడది రాత్రింబవళ్లు ఒకేచోట. సల్కాటా మగది గొంతు కింద పొడుచుకొచ్చిన డిప్పతో ఢీకొట్టి ఢీకొట్టి ఆడదాన్ని ఊపిరి తీసుకోనివ్వదు. వాటిని విడిగా ఉంచాలి, లేదా ఒక మగదానికి ఇద్దరు ముగ్గురు ఆడవి, పారిపోయేంత జాగా ఉండాలి. రమజాన్‌కి ముందు ఆ ఆడది తిండి మానేసింది. వెనక కాళ్లతో సిమెంటుని గీకడం మొదలుపెట్టింది. గోళ్లు అరిగి నెత్తురొచ్చేదాకా గీకింది. "పిచ్చెక్కింది" అని ఇంట్లో నవ్వుకున్నారట. అది మట్టి వెతుక్కుంటోంది. గొయ్యి తవ్వుకునే చోటు దొరక్కపోతే తాబేలు గుడ్లని లోపలే ఆపుకుంటుంది. పదిహేనో రోజున డాక్టర్ ఎక్స్‌రే తీస్తే లోపల 17 గుడ్లు. ఆపరేషన్‌కి టైం మిగల్లేదు.

ముమానీ "నసీబ్" అంది. నేను ఒప్పుకోను ముమానీ. ఒక లారీ మట్టి ఖర్చు మిగిల్చుకున్నాం, నాలుగేళ్ల సబర్ మిగిల్చుకున్నాం. దానికి నసీబ్ అని పేరు పెట్టొద్దు. ఇంకో మాట, మగది లేకపోయినా ఈడొచ్చిన ఆడది గుడ్లు పెట్టొచ్చు. కాబట్టి పిల్లలు వద్దనుకునే ఇంట్లోనూ మట్టి ఉండాల్సిందే.

సరే, అన్నీ సవ్యంగా జరిగాయనుకుందాం. ఒక్క కాన్పుకే పదిహేను, ఇరవై పిల్లలు. ఒకే సీజన్‌లో ఇంకోసారి కూడా పెట్టొచ్చు. 2024 రూల్స్ ప్రకారం పుట్టిన పిల్లల్ని, చచ్చినవాటిని కూడా సర్కారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఎంతమంది చేయిస్తున్నారు? ఆ పిల్లల్లో ఒక్కోటీ 40 కిలోలు దాటగలదు, యాభై ఏళ్లు దాటి బతకగలదు. రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండే పిల్లగాడికి దాన్ని అమ్మి, పైసలు జేబులో వేసుకుని, "హలాల్ కమాయి" అంటున్నాం. పదేళ్లకి వాడు దాన్ని ఏ చెరువులోనో వదిలేస్తాడు. సల్కాటాకి ఈత రాదు, మునిగి చస్తుంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మిద్దె మీద మగది ఒక్కటే మిగిలింది, ఖాళీ టబ్బుని ఢీకొడుతూ తిరుగుతోంది. మామూ కొడుకు "ఇంకో ఆడది, జల్దీ కావాలి" అని నలుగురికి ఫోన్లు చేశాడు. రేపు జుమా తర్వాత వెళ్తున్నా. ఈసారి చాయ్ తాగను.