సర్వర్ పడిపోయిందని రుజువు ఎవరి దగ్గరుంది?

మీసేవ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే, 2011 నవంబరులో. అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి సొంత జిల్లా కూడా ఇదే. అప్పటినుంచి తిరుపతిలో అయినా, పలమనేరులో అయినా అందరికీ అలవాటైన మాట ఒకటుంది: ‘సర్వర్ డౌన్, రేపు రండి’. రేషన్ షాపులో వేలిముద్ర పడకపోయినా అదే జవాబు, సచివాలయంలో సర్టిఫికెట్ రాకపోయినా అదే. ఒక రోజు కూలి పోతుంది, మరుసటి రోజు మళ్లీ వెళ్తాం. ఆ పోయిన రోజుకు లెక్క ఎక్కడా ఉండదు.

గడువు ఉన్న పనిలో మాత్రం ఈ లెక్క లేకపోవడం చాలా ఖరీదైన విషయం. ఉమీద్ పోర్టల్ వ్యవహారంలో అది బాగా తెలిసొచ్చింది.

2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ ప్రారంభించింది. రిజిస్టరైన ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలు ఆరు నెలల్లో, అంటే డిసెంబర్ 5లోగా ఎక్కించాలి. బ్యాంకుల్లో ఉండే మేకర్, చెకర్ పద్ధతే ఇక్కడా. ముతవల్లీ ఎక్కిస్తే వక్ఫ్ బోర్డు సరిచూస్తుంది, ఆపై అధికారి ఆమోదిస్తారు. చివరి వారాల్లో పోర్టల్ నెమ్మదించిందని, పేజీ తెరుచుకోవడం లేదని దేశమంతా ముతవల్లీలు మొత్తుకున్నారు. గడువు ముగిసేసరికి 5.17 లక్షల ఆస్తుల నమోదు మొదలైతే, ఆమోదం పొందినవి సుమారు 2.17 లక్షలే.

గడువు పెంచమని సుప్రీంకోర్టుకు వెళ్తే, డిసెంబర్ 1న జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఒప్పుకోలేదు. చట్టంలోనే దారి ఉంది, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. మూడు నెలలపాటు జరిమానాలు ఉండవని డిసెంబర్ 5న కేంద్రమంత్రి కిరణ్ రిజిజు ప్రకటించారు. ట్రిబ్యునల్ ఇంకో ఆరు నెలల వరకు గడువు పెంచగలదు, నిజమే. కానీ ఊరికే కాదు, ‘తగిన కారణం’ ఉందని ముతవల్లీ చూపించాలి.

అసలు చిక్కు ఇక్కడే. పోర్టల్ పనిచేయలేదన్నదే మీ కారణమైతే, దానికి రుజువేంటి? ఫోన్‌లో తీసిన ఒకట్రెండు స్క్రీన్‌షాట్లు. ‘అదే రోజు వేలమంది ఎక్కించారు కదా, మీకే ఎందుకు కాలేదు?’ అని అవతలివాళ్లు అడిగితే చిన్న ఊరి ఖబరస్తాన్ చూసుకునే పెద్దమనిషి ఏం చెప్పగలడు?

ఈ లెక్క రాయడం కష్టమైన పనేం కాదు. దానికి సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితంగా. నాగియోస్ 1999 నుంచి ఉంది. లాత్వియాలో అలెక్సీ వ్లాదిషెవ్ రాసిన జాబిక్స్ 2001లో బయటికొచ్చింది. ప్రోమిథియస్, గ్రఫానా ఆ తర్వాత వచ్చాయి. ఇవి చేసే పని రాత్రి వాచ్‌మెన్ పనిలాంటిదే. నిమిషానికోసారి సర్వర్ తలుపు తడతాయి. జవాబొచ్చిందా, ఎన్ని సెకన్లకు వచ్చింది, డిస్క్ నిండుతోందా, లైన్ తెగిందా అన్నీ టైముతో సహా రాసిపెడతాయి. తేడా వస్తే ఇంజనీర్ ఫోన్‌కు మెసేజ్ పోతుంది. ఓపెన్ సోర్స్‌కే మొగ్గు చూపాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది కాబట్టి ఖర్చు సాకు కూడా చెల్లదు.

అయితే అంకె వచ్చినంత మాత్రాన నమ్మేయకండి. బీకాం చదివినోడిగా నాకు సగటు అంటే కొంచెం అనుమానం. పోర్టల్ 99 శాతం సమయం నడిచిందని చెబితే వినడానికి బాగుంటుంది. ఆరు నెలలు అంటే దాదాపు 4,390 గంటలు. అందులో ఒక శాతం 44 గంటలు. ఆ 44 గంటలూ జూన్‌లో అర్ధరాత్రుల్లో పోతే ఎవరికీ నష్టం లేదు. అవే డిసెంబర్ 3, 4 తేదీల్లో పోతే? సగటు అదే, ఆస్తి మాత్రం పోర్టల్‌లోకి ఎక్కదు. అందుకే అడగాల్సింది శాతం కాదు, ఏ తేదీన ఏ గంటకు అన్నది.

ఇంకో మోసం ఉంది. పేజీ తెరుచుకుంటుంది, ఓటీపీ మాత్రం రాదు. లేదా పీడీఎఫ్ సగం ఎక్కి ఆగిపోతుంది. తలుపు తట్టి వచ్చే వాచ్‌మెన్ దృష్టిలో అంతా బాగున్నట్టే. స్క్రీన్ మీద పచ్చ లైటు, కౌంటర్ దగ్గర క్యూ! మనిషి చేసినట్టే లాగిన్ నుంచి చివరి బటన్ దాకా నొక్కి చూసే పరీక్ష పెడితేనే ఇది దొరుకుతుంది. 2024లో వచ్చిన జాబిక్స్ 7.0లో ఆ సౌకర్యం కూడా ఉంది. దాన్ని పెట్టాల్సింది పోర్టల్ నడిపేవాళ్లే, బయటివాళ్ల వల్ల కాదు.

బయట నుంచి మనం చేయగలిగింది కొంత ఉంది. అప్‌టైమ్ కూమా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. అందరికీ తెరిచి ఉన్న పేజీని నిమిషానికోసారి చూస్తే సర్వర్‌కు భారమేమీ పడదు. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి, వేర్వేరు కంపెనీల నెట్‌తో పెడితే మన లైన్ పోయిందా, వాళ్ల సర్వర్ పోయిందా అన్నదీ తేలుతుంది. ఎస్వీయూలోనో, ఇంజనీరింగ్ కాలేజీలోనో చదివే మన పిల్లలు ఒక ఆదివారం కూర్చుంటే అయ్యే పని ఇది. రేపు ఉద్యోగానికీ పనికొస్తుంది.

ఆ రికార్డును ట్రిబ్యునల్ ముందు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. దానికి లాయర్ సాయం తీసుకోవాలి. అసలు రికార్డు మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండాలి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. డిసెంబర్ 5 నుంచి లెక్కేస్తే ఆ 180 రోజులు జూన్ మొదటి వారానికే అయిపోతాయి. కాబట్టి పది రూపాయలతో మైనారిటీ వ్యవహారాల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టేవాళ్లు ఆలస్యం చేయకూడదు. నవంబర్ 25 నుంచి డిసెంబర్ 6 వరకు పోర్టల్ గంటగంటకూ ఎలా నడిచింది, ఎన్ని అప్‌లోడ్‌లు విఫలమయ్యాయి అని అడిగితే చాలు. భద్రత పేరు చెప్పి తిరస్కరిస్తే అప్పీలుకు వెళ్లొచ్చు. సర్వర్ ఎప్పుడు పనిచేయలేదో చెప్తే దేశ భద్రతకు వచ్చే ముప్పేంటో వాళ్లే వివరించాల్సి ఉంటుంది.