ఏఐతో మెయిల్ రాయిస్తున్నారా?

మాధవరం పిల్లలకు సేల్స్ ఉద్యోగమంటే ఇంగ్లిష్ మెయిలే భయం. చాట్‌జీపీటీ వచ్చాక ఆ భయం తగ్గింది. కానీ ఊరికే ‘పత్తి అమ్మడానికి మెయిల్ రాయి’ అంటే పొగడ్తలతో పేజీ నింపేస్తుంది. అంత చదివే తీరిక ఎవరికుంది? ఎవరికి, ఎన్ని పదాల్లో, ఏ ధోరణిలో రాయాలో ముందే చెప్పండి. కోయంబత్తూరు మిల్లుకైతే పింజ పొడవు, తేమ శాతం, ధర.. 60 పదాల్లో, సూటిగా. ఎమ్మిగనూరు చేనేత దుప్పట్లు హోటల్‌కు అమ్మాలంటే కాస్త ఆత్మీయంగా, సైజులు, రంగులు వివరిస్తూ రాయించాలి. అంకెలు మనం ఇవ్వకపోతే ఏఐ ఊహించి రాసేయొచ్చు; తేడా వస్తే మాట పోయేది మనదే. ఆదోని మార్కెట్ యార్డులో పత్తిని చేత్తో పట్టి చూసినవాళ్లకు ఆ అంకెల విలువ తెలుసు. ఇంటర్వ్యూలో ముందు అదే చెప్పండి.