ధార వేరు, అభిషేకం వేరు

నగరాలలోని అపార్టుమెంట్లలో నేడు హాలు ఈశాన్య మూలన చిన్న జలధార ఒకటి తరచుగా కనిపిస్తున్నది. ఒక తొట్టె, కొన్ని గులకరాళ్ళు, నీటిలో మునిగి ఉండే చిన్న మోటారు. పడిన నీరే మళ్ళీ పైకి లేచి, లేచిన నీరే మళ్ళీ పడుతుంటుంది. ఆ సవ్వడి మనసుకు హాయినిస్తుందనడంలో సందేహం లేదు. అయితే ఆ ధార కింద శివలింగాన్ని ప్రతిష్ఠించి, తమ ఇంట నిత్యాభిషేకం జరుగుతున్నదని సంతోషించేవారు ఒక్కసారి ఆలోచించాలి.

స్వామికి అర్పించిన నీటిని మనం తిరిగి అర్పించం. నిన్నటి పుష్పాన్ని నేడు సమర్పించనట్లే. అందుకే శివాలయంలో అభిషేకజలం సోమసూత్రం గుండా వెలుపలికి సాగిపోతుంది. దానిని దాటరాదనే నియమంతో ప్రదక్షిణను అక్కడ ఆపి వెనుదిరుగుతాము. వేసవిలో లింగం పైన వేలాడదీసే ధారాపాత్రను చూడండి. అడుగున సన్నని రంధ్రం, చుక్కచుక్కగా ధార. పాత్ర ఖాళీ అయితే ఎవరో ఒకరు వచ్చి నింపాలి. ఆ నింపడంలోనే సేవ ఉన్నది. మీట నొక్కి మరచిపోగల యంత్రానికి ఆ పని అప్పగిస్తే మనకు మిగిలేది ఏమిటి?

మరి మహానందిలో స్వామి చెంత నీరు నిరంతరం పారుతున్నది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. నంద్యాల సమీపంలోని ఆ క్షేత్రంలో గర్భాలయం నుండి ఊరే జలం కోనేటిని నింపి, వెలుపలి గుండాలకు చేరి, అక్కడి నుండి పొలాలకు పోతుంది. తిరుచిరాపల్లి వద్ద జంబుకేశ్వరంలోనూ జలలింగం చెంత ఊట ఆరదు. ఆ రెండుచోట్లా వచ్చేది కొత్త నీరు. తొట్టెలో తిరిగేది పాత నీరు. పోలిక అక్కడే తెగిపోతున్నది.

కాబట్టి లింగాన్ని పూజామందిరంలోనే ఉంచి, ఉదయం ఒక చెంబుడు నీటితో స్వహస్తాలతో అభిషేకించండి. హాలులోని ధారను ధారగానే ఉండనివ్వండి. దానిని అమర్చుకోవడం కష్టమేమీ కాదు. వెడల్పైన మట్టి తొట్టెనో రాతి తొట్టెనో తీసుకోండి. మట్టిదైతే లోపల నీరు ఇంకని పూత వేయించాలి. కూలర్లలో వాడే చిన్న మోటారు చాలు. అది ఎల్లప్పుడూ మునిగే ఉండాలి, నీరు తగ్గి ఒట్టిగా తిరిగితే కాలిపోతుంది. నీరు ఆవిరవుతూనే ఉంటుంది కనుక రోజూ కొంత పోయవలసిందే. ధార ఎత్తు పెరిగినకొద్దీ చప్పుడు, చిందర రెండూ పెరుగుతాయి. జానెడు ఎత్తు చాలునని నా అభిప్రాయం. బోరు నీరైతే రాళ్ళపై తెల్లని పొర కడుతుంది. నిమ్మరసంతో రుద్దితే వదులుతుంది.

విద్యుత్తు విషయంలో ఉపేక్ష తగదు. ప్లగ్గు నీటి మట్టానికి పైన ఉండాలి. తీగను కొంత కిందికి వంచి పైకి తీసుకువెళితే దాని వెంట జారే నీరు ప్లగ్గును చేరదు. లీకేజీని గుర్తించి సరఫరాను ఆపే ఆర్‌సీసీబీ ఇంటిలో ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌చేత చూపించండి. చేయి పెట్టేముందు ప్లగ్గు తీసివేయడం పిల్లలకు కూడా నేర్పండి.

ఇక దోమలు. పారే నీటిలో అవి గుడ్లు పెట్టవని ధైర్యపడకండి. ఊరికి వెళ్ళినప్పుడు మోటారు ఆపుతారు కదా! డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు నీటి అంచున తొట్టె గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. కేవలం నీరు పారబోస్తే చాలదు, గోడలను పీచుతో తోమాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి తప్పనిసరి. శుక్రవారం పూజ కోసం గురువారమే ఇల్లు కడిగే ఆచారం మీకు ఉంటే ఈ పనిని కూడా ఆనాడే పెట్టుకోండి. తీసిన నీటిని పూలమొక్కలకు పోయండి. తులసికోటకు మాత్రం వేరుగా మంచినీరు తెచ్చి పోయండి.