పేరు భాగ్యనగర సరే, నడిచేవాళ్ల భాగ్యం మాటేమి?

2025 జూలై 2న నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశంలో బాగేపల్లి పేరును భాగ్యనగర అని మార్చాలని నిర్ణయించినారు. పేరు మంచిదా కాదా అని మన తెలుగు ఇండ్లలో ఎవరి వాదం వాళ్లది. మేము ఆ వాదంలోకి పోము. మా ప్రశ్న ఒకటే. బోర్డు మారితే వీధి మారుతుందా?

చాకవేలు, చేలూరు వైపు ఊళ్ల నుంచి బాగేపల్లికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బస్సు దిగి నడిచేవాళ్లే. విత్తనాలకు, మందులకు, పెండ్లి బట్టలకు, తాలూకా ఆఫీసు పనికి వస్తారు. అంగళ్ల ముందర బైకులు, వాటి పక్కన ఆటోలు, వాటి మధ్యలో లారీ. ఇక మనిషి నడవాల్సింది వాహనాల దారిలోనే. చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్న ఆడమనిషికి అది ఎంత కష్టమో కారులో కూర్చున్నవాళ్లకు తెలీదు. నడిచేవాళ్ల కోసం కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. మన పేటల్లో ఎక్కడుందో టేపు పట్టుకుని వెతకాల్సిందే.

భాగ్యనగరం అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది హైదరాబాదే. పేరు పెట్టుకున్నాం కాబట్టి ఆ ఊరి నుంచి పాఠం కూడా తెచ్చుకుందాం. 1591 నాటి చార్మినార్ చుట్టూ ఒకప్పుడు బస్సులు, ఆటోలు తిరిగేవి. వాటిని పక్కకు మళ్లించి, రాళ్లు పరిచి, నడిచేవాళ్లకు ఇయ్యడానికి ఏళ్లు పట్టింది. 2021 అక్టోబరులో కొన్ని ఆదివారాల సాయంత్రాలు అక్కడ పాటలు, తిండి అంగళ్లు పెడితే జనం కుటుంబాలతో వచ్చినారు. పక్కనే లాడ్ బజారు. గాజులు కొనే మనిషి బండి మీద పోతూ కొనదు కదా, నిలబడి, చేతికి తొడిగి చూసి కొంటుంది.

మన కైవార తాతయ్య కూడా గాజుల మలారం మోసుకుని ఊరూరా నడిచినవారే. నడక, బేరం, మాట, ఈ మూడూ కలిస్తేనే మన పేట.

"బండ్లు ఆపితే వ్యాపారం పోతుంది" అంటారు అంగడివాళ్లు. వాళ్ల భయం అబద్ధమని మేము అనం. కానీ ఒక బైకు రోజంతా అంగడి ముందర నిలిస్తే, ఆ చోటులో ఎంతమంది నిలబడి సరుకు చూడొచ్చు? ఆ బైకు కూడా చాలాసార్లు ఆ అంగడివాళ్లదే. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో 2020 నవంబరు నుంచి 2021 ఫిబ్రవరి దాకా శని, ఆదివారాలు వాహనాలు ఆపి చూసినారు. కొత్తది ఏదైనా ముందు చిన్నచోట పెట్టి, ముందెంత, తర్వాతెంత అని రాసుకోవడం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మాకు రోజూ పనే. వీధికి మాత్రం ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు?

"రోడ్డు వెడల్పు చేస్తే సరిపోతుంది" అనేది ఇంకో మాట. అంటే పాత అంగళ్లు, అరుగులు పడగొట్టి బండ్లకు ఇంకా చోటివ్వడం. మిగిలిన చోటంతా మళ్లీ బండ్లతోనే నిండుతుంది. అరుగు మాత్రం తిరిగి రాదు.

ఇంకొందరు తోపుడు బండ్లవాళ్లను తరిమేయమంటారు. అది అన్యాయం, చట్టానికీ విరుద్ధం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి, ఊరి కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. పూలమ్మే అవ్వ లేని వీధికి కళ ఎక్కడిది?

మేము అడిగేది కోట్ల పథకం కాదు. వారానికి ఒక సాయంత్రం, 4 నుంచి 9 దాకా, ఒక్క అంగళ్ల వీధి. ఆంబులెన్సుకు దారి వదిలి, బండ్లకు వీధి చివర చోటు చూపించి, మూడు నెలలు నడపండి. తాగేనీళ్లు, నీడ, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి పెట్టండి. గడిదం గుడికి, గుమ్మనాయకనపాళ్యం కోటకు దారి చూపే బోర్డులు కన్నడంలో రాసి, కింద తెలుగులోనూ రాయండి. 44వ జాతీయ రహదారి మీద వేలమంది ఇక్కడ టోలు కట్టి, నేరుగా లేపాక్షికి పోతున్నారు. వాళ్లు ఒక గంట మన ఊళ్లో దిగడానికి ఒక కారణం ఉండాలి కదా. మూడు నెలల తర్వాత అంగడివాళ్ల గల్లా పెట్టెనే అడగండి. నష్టమని తేలితే ఆపేయండి.

బెంగళూరులో, హోసూరులో, ఇంకా దూరంలో స్థిరపడిన మనవాళ్లకు ఒక మాట. పండక్కి వచ్చి "మన ఊరు ఏం మారలేదు" అని నిట్టూర్చి పోవడం చాలు. పురసభకు ఒక ఉత్తరం రాయండి, కన్నడంలోనే రాయండి, కింద మీ ఊరి పేరు పెట్టండి. తేరు లాగే రోజు వీధంతా మనుషులకే ఇస్తాం కదా. ఆ మర్యాద మనుషులకు వారానికొక పూట ఇయ్యమని అడుగుదాం.