రక్తనాళం చోటు మారితే...

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మిర్చి సాగు చేస్తాను. ఛాతీలో నొప్పిగా ఉంటే గుంటూరులో యాంజియోగ్రామ్ తీశారు. పూడికలు లేవు గానీ, గుండెకు వెళ్లే కుడి రక్తనాళం పుట్టుకతోనే ఎడమవైపు నుంచి వచ్చిందన్నారు. ఇది అరుదైన జబ్బా? టిక్కీలు మోయవచ్చా? మా అబ్బాయి కబడ్డీ ఆడతాడు. వాడికీ పరీక్షలు చేయించాలా?
- ఓ పాఠకుడు, అమరావతి

జవాబు: మరీ అరుదేమీ కాదు. గుండె కండరానికి రక్తాన్నిచ్చే కరోనరీ ధమనులు రెండు. ఇవి బృహద్ధమని మొదట్లో చెరోవైపు నుంచి మొదలవుతాయి. కొందరిలో పుట్టుకతోనే ఈ చోటు మారుతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 1,26,595 మంది యాంజియోగ్రామ్‌లను పరిశీలించి 1990లో వివరాలు ప్రచురించారు. 1,686 మందిలో ఇలాంటి తేడాలున్నాయి. అంటే నూటికి ఒకరి కన్నా కాస్త ఎక్కువ. వీటిలో ఐదింట నాలుగు వంతులు హాని చేయనివే.

మీ విషయంలో తేలాల్సింది ఆ నాళం ఏ దారిన వెళ్తోందన్నదే. బృహద్ధమనికీ, ఊపిరితిత్తుల ధమనికీ మధ్య నుంచి వెళ్తుంటే, శ్రమపడినప్పుడు నొక్కుకుపోయి గుండెకు రక్తం తగ్గొచ్చు. సీటీ యాంజియోగ్రామ్‌లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. శ్రమలో రక్తం తగ్గుతోందని పరీక్షల్లో తేలితే ఆపరేషన్ అవసరం కావచ్చు. అప్పటిదాకా టిక్కీల జోలికి వెళ్లకండి. పనిలో కళ్లు తిరిగి పడిపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇది సాధారణంగా వంశపారంపర్యంగా రాదు. అయితే ఆటలో మీ అబ్బాయికి ఛాతీనొప్పి, గుండెదడ, స్పృహ తప్పడం వంటివి ఎప్పుడైనా కనిపిస్తే ఆట ఆపించి గుండె నిపుణులకు చూపించండి.